ఇంట్లో చదువు చెప్పే అర్హత ఎవరికుంది?

ఈ మధ్య రెండు రకాల ఇళ్లలో ఒకే మాట వినిపిస్తోంది. "పిల్లల్ని బడికి పంపం, మేమే ఇంట్లో చదువు చెప్పుకుంటాం." మొదటి రకం ఇళ్లు హైదరాబాద్ పడమటి వైపు గేటెడ్ కమ్యూనిటీల్లో ఉంటాయి. రెండో రకం ఇళ్లు మనవి. రిజర్వేషన్‌తో చదువుకుని, ఉద్యోగాలు తెచ్చుకుని, వాడ వదిలి సిటీకి వచ్చిన దళితుల ఇళ్లు. మాట ఒకటే, కారణాలు వేరు. మొదటివాళ్లు బడిని వద్దనుకుంటున్నారు. రెండోవాళ్లు బడిలో దెబ్బతిని వెనక్కి వస్తున్నారు. చివరికి ఇద్దరూ అడిగేది ఒకటే: "మా పిల్లలకు మేము చదువు చెప్పుకునే అర్హత మాకు లేదా?"

నా జవాబు ముందే చెప్పేస్తాను, వాదన తర్వాత. పాఠం చెప్పే అర్హత చాలామంది తల్లిదండ్రులకు ఉంటుంది. డిగ్రీ లేనివాళ్లకు కూడా ఉంటుంది. కానీ బడికి బదులుగా నిలబడే అర్హత ఏ తల్లికీ, ఏ తండ్రికీ లేదు. పీహెచ్‌డీ ఉన్నా లేదు. ఎందుకంటే బడి అంటే పాఠం ఒక్కటే కాదు.

ముందు ఈ 'అర్హత' అనే మాట సంగతి చూద్దాం. ఈ దేశంలో ఈ మాటను మన మొహం మీద తలుపు వేయడానికే ఎక్కువ వాడారు. శూద్రుడికి వేదం వినే అర్హత లేదన్నారు. అంటరానివాడికి అక్షరం ముట్టే అర్హత లేదన్నారు. ఇప్పుడు రిజర్వేషన్‌లో వచ్చిన టీచర్‌కు మెరిట్ లేదంటున్నారు. సర్కారు బడిలో ఒకటో తరగతికి అ ఆలు చెప్పాలంటే ఏం కావాలో, ప్రిపరేషన్‌లో ఉన్న మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎడ్. ఆ తర్వాత టెట్. 150 మార్కులకు ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ ఎస్టీలకు 60. ఆ తర్వాత డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూపు. అవనిగడ్డలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కోచింగ్, నలుగురు పడుకునే రూము, ఇంటి నుంచి అమ్మ పంపే డబ్బులు. ఇన్ని గడపలు దాటి వచ్చిన మాదిగ టీచరమ్మను చూసి "అరవై మార్కుల టీచర్" అని నవ్వే మనిషే, ఏ పరీక్షా రాయకుండా, "నేను బీటెక్ కదా, మావాడికి టెన్త్ దాకా నేనే చెప్పుకుంటా" అంటాడు. ఏడేళ్ల పిల్లకు చదవడం ఎలా వస్తుందో, లెక్క ఎక్కడ తడబడుతుందో ఆయన ఎక్కడా నేర్చుకోలేదు. అయినా ఆయన అర్హతను ఎవరూ అడగరు. మనం సర్టిఫికెట్ చూపించాలి. ఆయనకు ఆయన మాటే సర్టిఫికెట్.

అయితే నేను ఈ కోపంతో "డిగ్రీ లేని తల్లిదండ్రులు నోరు మూసుకోవాలి" అని అనబోవడం లేదు. అంటే మా అమ్మను అవమానించినట్టే. మా అమ్మది వేలిముద్ర. నాట్ల కూలికి పోయి వచ్చి, పొయ్యి ముందు కూసొని, "ఇయ్యాల సారు ఏం చెప్పిండో నాకు చెప్పు" అనేది. నేను చెప్పేవాణ్ని. మధ్యలో నసిగితే, "నీకే సమజ్ కాలే, రేపు మల్ల అడుగు పో" అనేది. బిడ్డ చేత తిరిగి చెప్పించడం మంచి బోధన పద్ధతి అని నేను చాలా ఏళ్ల తర్వాత బీఎడ్ పుస్తకంలో చదివాను. కాబట్టి అక్షరం రాని తల్లికి కూడా అర్హత ఉంది. కానీ ఒకటి గమనించండి. ఆమె అలా అడగాలంటే ముందు ఎక్కడో ఒక సారు చెప్పి ఉండాలి. బడి లేకపోతే ఆ ప్రశ్నే లేదు.

చట్టం ఏమంటోంది? 2002లో 86వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అయింది. అది 21ఏ అధికరణం. అదే సవరణ 51ఏ(కే) కింద పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడాన్ని తల్లిదండ్రుల విధిగా చేర్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, సెక్షన్ 10లో, పిల్లల్ని దగ్గరలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల కర్తవ్యం అంది. పంపకపోతే శిక్ష ఏమిటో మాత్రం చెప్పలేదు. అందుకే ఇంట్లో చదివించేవాళ్లను ఎవరూ పట్టుకోరు. చివర్లో ఓపెన్ స్కూల్లో టెన్త్ రాయిస్తారు. తీవ్రమైన, ఒకటికి మించిన వైకల్యాలున్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువుకునే హక్కును 2012 సవరణ ఇచ్చింది. అది న్యాయం. బడికి వెళ్లలేని బిడ్డ దగ్గరికి బడే రావాలి. ఆ మినహాయింపు మీద నాకు పేచీ లేదు.

ఈ చట్టంలో గుర్తుపెట్టుకోవాల్సింది హక్కు ఎవరిదన్నది. హక్కు బిడ్డది. తల్లిదండ్రులకూ సర్కారుకూ ఉన్నది బాధ్యత. "నా పిల్లలు, నా ఇష్టం" అనే మాట ఈ దేశంలో చాలా పాతది. బాల్యవివాహం చేసేవాడూ అదే అంటాడు. వేరే కులం అబ్బాయిని ప్రేమించిన కూతుర్ని చంపేవాడూ అదే అంటాడు. బిడ్డ తల్లిదండ్రుల ఆస్తి కాదు అని చెప్పేవాళ్లలో మనం ముందుండాలి.

*

ఇప్పుడు మొదటి రకం ఇళ్లకు వద్దాం. వాళ్ల బాధలో నిజం లేదని నేను అనను. మన రెండు రాష్ట్రాల్లో కార్పొరేట్ చదువు పిల్లల్ని ఎలా నలిపేస్తోందో అందరం చూస్తున్నాం. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, తెల్లవారుజామున స్టడీ అవర్, ర్యాంకుల ఫ్లెక్సీలు, ఏటా రిజల్ట్స్ రోజు వచ్చే చావు వార్తలు. ఆ గానుగ నుంచి బిడ్డను తప్పించాలనుకునే తల్లిని తప్పుపట్టలేం. కానీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ కార్పొరేట్ బడి వద్దనుకున్నప్పుడు, వీధి చివర ఉన్న సర్కారు బడి మీ ఆలోచనలోకి ఎందుకు రాలేదు? శిక్షణ పొందిన టీచర్లు అక్కడున్నారు. ర్యాంకుల గోల అక్కడ లేదు. గానుగ నుంచి పారిపోయి నేరుగా ఇంట్లోకే ఎందుకు పోయారు?

ఆ బడిలో ఎవరి పిల్లలున్నారో వాళ్లకు తెలుసు. వాళ్లింట్లో అంట్లు తోమే అక్క కూతురు ఉంది. వాచ్‌మన్ కొడుకు ఉన్నాడు. 'హోమ్ స్కూలింగ్' చేసే ఇంట్లో వంట, ఊడ్పు ఎవరో ఒకరు చేస్తేనే ఆ ఇంటి అమ్మకు పాఠం చెప్పే తీరిక దొరుకుతుంది. పైగా 'తల్లిదండ్రులు చెప్పుకుంటారు' అంటే చాలా ఇళ్లలో అర్థం, తల్లి ఉద్యోగం మానేసి చెప్తుందని. అంటే ఒక ఆడమనిషి చాకిరీ మీద, ఇంకో ఆడమనిషి కొలువు త్యాగం మీద ఆ ఇంటి బడి నడుస్తోంది. దీన్ని స్వేచ్ఛా విద్య అంటున్నారు.

సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం గంట కొట్టినప్పుడు ఏం జరుగుతుందో ఆలోచించండి. వండేవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కడుపు నింపడం ఒక్కటే లెక్క అయితే ఎవరు వండినా సరిపోతుంది కదా? కోర్టు అలా ఎందుకు చెప్పింది? ఎందుకంటే మాల మాదిగ ఆడమనిషి వండిన అన్నం ఊరి పిల్లలంతా ఒకే వరసలో కూర్చుని తినడమే ఒక పాఠం. ఎన్నో ఊళ్లలో ఆ అన్నం మాకొద్దని పిల్లల్ని ఆపిన పెద్దలున్నారు. ఆ పెద్దలు తమ పిల్లలకు ఇంట్లో ఏం నేర్పుతున్నారు? కులం. ఈ దేశంలో ప్రతి ఇల్లూ ఇప్పటికే ఒక బడి. అందులో మొదటి సబ్జెక్టు కులం. ఎవరింట్లో నీళ్లు తాగాలో, ఎవరిని ఏమని పిలవాలో పిల్లలు పుస్తకంలో చదివి నేర్చుకోరు. ఆ పాఠాన్ని కొంచెమైనా చెరిపే చోటు బడి ఒక్కటే. అది కూడా చెరిపే తీరున నడిస్తేనే. బిడ్డ రోజులో ఆ ఆరేడు గంటలు కూడా ఇంటికే అప్పగిస్తే, చెరిపేవాడు ఇంకెక్కడ దొరుకుతాడు?

*

'ఇల్లే బడి' అనే మాటతో మనకు పాత పరిచయం ఉంది. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజగోపాలాచారి ఒక ప్రాథమిక విద్యా పథకం తెచ్చారు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన ఏడాదే అది. పల్లెల్లో పిల్లలకు బడి రోజుకు మూడు గంటలు. మిగతా పూట ఇంటి దగ్గర తండ్రి పని నేర్చుకోవాలి. వినడానికి ఎంత ముద్దుగా ఉంది! తండ్రే గురువు, పనే చదువు. కానీ కుండలు చేసేవాడి కొడుక్కి కుండలు, బట్టలుతికేవాడి కొడుక్కి బట్టలు, చెప్పులు కుట్టేవాడి కొడుక్కి చెప్పులు. పురోహితుడి కొడుక్కి మాత్రం శ్లోకాలు. పెరియార్ దీన్ని కులవిద్యా పథకం అని పేరు పెట్టి వీధుల్లోకి వచ్చారు. 1954లో రాజాజీ దిగిపోయారు, కామరాజ్ వచ్చి పథకాన్ని ఎత్తేశారు. తల్లిదండ్రుల అర్హత గురించి ఎవరైనా మెత్తగా మాట్లాడినప్పుడల్లా నాకు ఆ మూడు గంటల బడే గుర్తొస్తుంది.

అది గతం అనుకోకండి. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, బడి అయ్యాక కుటుంబ వృత్తిలో పిల్లలు సాయం చేయొచ్చని వెసులుబాటు ఇచ్చారు. మళ్లీ 'ఇల్లు' అనే తలుపులోంచే. కర్నూలు, పాలమూరు వైపు పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి ఆడపిల్లల్ని ఎలా తోలుకుపోయేవారో పాతతరం యాక్టివిస్టులకు తెలుసు. వేళ్లు చిన్నవి, కూలి తక్కువ. ఆ రోజుల్లో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వాన ఎం.వి. ఫౌండేషన్ ఒక సూటి సూత్రం పెట్టుకుంది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే. మధ్యే మార్గం లేదు. ఆ గీత గట్టిగా ఉంది కాబట్టే వేలాది పిల్లలు పని నుంచి బడికి వచ్చారు. ఇప్పుడు ఆ గీత మీద "ఇంట్లో చదువుకుంటోంది" అనే ఇంకో గడి గీశామనుకోండి. గేటెడ్ కమ్యూనిటీ బిడ్డ ఆ గడిలో నిలబడి పియానో నేర్చుకుంటుంది. పత్తి చేలో పిల్లను కూడా మేస్త్రీ అదే గడిలోకి తోస్తాడు. "బడికెందుకు పోతలేదు?" అని అడిగితే "ఇంటికాడ చదువుకుంటది సార్" అంటాడు. ఏ అధికారి వచ్చి తేడా తేలుస్తాడు?

ఇల్లు బడి అయితే మన పిల్లలకు ఏమవుతుందో ఊహించుకోవాల్సిన పని కూడా లేదు. చూశాం. 2020 మార్చిలో బడులు మూతబడ్డాయి. తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి యాదగిరి చానల్లో, టీ-శాట్‌లో పాఠాలు వేశారు. ఒక ఇంటికి ఒక ఫోను, అది పనికి పోయే నాన్న జేబులో. టీవీ ముందు కూర్చోబెట్టి అర్థం కానిది విడమరిచి చెప్పే మనిషి లేడు. 2021 ఆగస్టులో జాన్ డ్రేజ్ తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని పేద పల్లెల్లో, బస్తీల్లో సర్వే చేశారు. మన రెండు రాష్ట్రాలు అందులో లేవు, కానీ లెక్క మన వాడలదే అనిపిస్తుంది. పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్న దళిత, ఆదివాసీ పిల్లలు 4 శాతం. మిగతా కులాల పిల్లలు 15 శాతం. బడులు తొందరగా తెరవాలని ఆ దళిత, ఆదివాసీ తల్లిదండ్రులు దాదాపు అందరూ అడిగారు. వాళ్లకు పిల్లల మీద ప్రేమ తక్కువై కాదు. తమకు ఏం చేతనవుతుందో, ఏం చేతకాదో వాళ్లకు స్పష్టంగా తెలుసు.

*

ఇక మన ఇళ్లు. ఇదే కష్టమైన భాగం.

ఇద్దరూ పీజీలు చదివిన ఒక దళిత జంట నన్ను అడిగింది. వాళ్ల పాప మూడో తరగతి. ప్రైవేటు బడి. తోటి పిల్లలు "మీరేంట్లు" అని అడిగారు. పాపకు తెలియక ఇంటికొచ్చి అడిగింది. తర్వాత లంచ్ బాక్స్ పంచుకోవడం ఆగిపోయింది. టీచర్ దగ్గరికి వెళ్తే "పిల్లలు కదండీ" అని నవ్వింది. "అన్నా, మేము హాస్టళ్లలో, కాలేజీల్లో పడ్డది చాలు. మా బిడ్డ కూడా పడాల్నా? మేమిద్దరం చెప్పుకోలేమా?" అన్నారు. వాళ్లను సిద్ధాంతంతో కొట్టడం నాకిష్టం లేదు. గాయం తగిలిన చోటికి బిడ్డను రోజూ పంపమని చెప్పే హక్కు నాకేముంది?

అమెరికాలో నల్లజాతి తల్లిదండ్రులు ఇదే ప్రశ్న దగ్గర ఆగారు. 2020 వసంతంలో అక్కడ 3.3 శాతం నల్లజాతి కుటుంబాలు ఇంటి చదువులో ఉంటే, ఆ శిశిరానికి 16.1 శాతం అయ్యాయని అక్కడి సెన్సస్ బ్యూరో లెక్క. కరోనా ఒక కారణమైతే, బడిలో జాతి వివక్ష చాలామంది చెప్పిన ఇంకో కారణం. కానీ అదే దేశంలో ఇంకో కథ ఉంది. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ. 1951లో అక్కడి ఫార్మ్‌విల్‌లో బార్బరా జాన్స్ అనే 16 ఏళ్ల అమ్మాయి, కూలిపోయే షెడ్లలో చదవం అని తన నల్లజాతి బడి మొత్తాన్ని సమ్మెలోకి నడిపింది. ఆ పోరాటం 1954 బ్రౌన్ తీర్పులో కలిసింది. తెల్ల, నల్ల పిల్లలు కలిసి చదవాల్సిందే అని కోర్టు అంది. ఆ కౌంటీ ఏం చేసిందో తెలుసా? 1959లో ప్రభుత్వ బడులన్నీ మూసేసింది. తెల్లవాళ్లు తమ పిల్లలకు ప్రైవేటు అకాడమీ పెట్టుకున్నారు. నల్లజాతి తల్లులు చర్చిల్లో, ఇళ్లల్లో చేతనైనంత చెప్పుకున్నారు. కొందరు పిల్లల్ని వేరే ఊళ్లలో చుట్టాల దగ్గర పెట్టారు. 1964లో సుప్రీంకోర్టు చెప్పే దాకా బడులు తెరుచుకోలేదు. ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో ఎంతోమంది పిల్లల చదువు మళ్లీ చేతికి రాలేదు. కలిసి చదవడం ఇష్టం లేనివాడికి బడి మూతపడటమే కావాలి. మనం మనంతట మనమే బయటికి వస్తే వాడికి మూసే శ్రమ కూడా తప్పుతుంది.

ఆ జంటకు నేను బాబాసాహెబ్ తండ్రి గురించి చెప్పాను. ఇంట్లో చదువు చెప్పే అర్హత ఈ దేశంలో ఏ దళిత తండ్రికైనా ఉందంటే అది రాంజీ సక్పాల్‌కు ఉంది. ఆయన సైన్యం బడిలో టీచర్. ఇంగ్లీషు తెలుసు, మరాఠీ తెలుసు. కొడుక్కి ఇంట్లో దగ్గరుండి భాష నేర్పాడు. అలాంటి తండ్రి, కొడుకు సతారా బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చుంటున్నాడని, దాహమేస్తే ప్యూన్ వచ్చి పోస్తేనే నీళ్లని తెలిసి కూడా బడి మాన్పించలేదు. బొంబాయికి మారి, ఒక్క గది ఇంట్లో ఉంటూ, ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చేర్చాడు. 1907లో భీమ్‌రావు మెట్రిక్ పాసయ్యాడు. రాంజీ ఇంట్లో చెప్పిన చదువు బడిని తట్టుకునే బలం ఇచ్చింది. బడికి బదులుగా నిలబడలేదు. ఆ అబ్బాయి ఆ గోనెపట్టాను మర్చిపోలేదు కాబట్టే తర్వాత మహాడ్ చెరువు దగ్గరికి నడిచాడు.

సావిత్రిబాయి ఇంట్లోనే కదా నేర్చుకుంది అనొచ్చు. నిజమే, భర్త జ్యోతిరావు నేర్పాడు. అప్పటికి ఆమెలాంటి ఆడపిల్లకు బడి లేదు కాబట్టి. నేర్చుకున్నాక ఆమె ఏం చేసింది? టీచర్ ట్రైనింగ్ తీసుకుంది. 1848లో పుణెలో ఇద్దరూ బడి తెరిచారు. మీద పేడ పడినా, ఇంకో చీర సంచిలో పెట్టుకుని వెళ్లింది. ఫూలే బడిలో చదివిన మాంగ్ కులపు పిల్ల ముక్తాబాయి 1855లో మాంగులు, మహర్ల దుఃఖం గురించి రాసిన వ్యాసం ఇప్పటికీ మనం చదువుతున్నాం. ఇక్కడ హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1910 నుంచి ఇసామియా బజార్, లింగంపల్లిల్లో మన పిల్లలకు బడులు తెరిచాడు. ఆయన కూడా "ఎవరింట్లో వాళ్లు చెప్పుకోండి" అనలేదు. మన పెద్దలెవరూ ఇంటి తలుపు వేసుకుని గెలవలేదు.

అయితే పాపను ఆ బడిలోనే ఉంచాలా? కాదు. బిడ్డ ప్రాణానికి, మనసుకు ప్రమాదం ఉంటే ఆ బడి మార్చండి. నెల రోజులు ఇంట్లో ఉంచుకోండి, గాయం మాననివ్వండి. కానీ దాన్ని దారిగా చేసుకోకండి. నోటిమాటతో వదలకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మండల విద్యాధికారికి, జిల్లా విద్యాధికారికి కాపీ పెట్టండి. పిల్లల్ని మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 నిషేధించింది. పాపకు కులం అంటే ఏమిటో మీరే చెప్పండి. అది సిగ్గుపడాల్సిన సంగతి కాదనీ, సిగ్గుపడాల్సింది అడిగినవాళ్ల పెద్దలనీ చెప్పండి. ఏ సిలబస్‌లోనూ లేని ఈ పాఠం మనమే ఇంట్లో చెప్పాలి. ఇందులో మనకంటే అర్హులు ఎవరూ లేరు.

ఇంకో అర్హత చట్టమే మనకిచ్చింది, మనం వాడుకోవడం లేదు. సెక్షన్ 21. ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్లు. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల లెక్క ప్రకారం చోటు. టీచర్ రాకపోతే అడగొచ్చు, నిధుల లెక్క అడగొచ్చు, అన్నం ఎలా వండుతున్నారో చూడొచ్చు. దీనికి టెట్ అక్కర్లేదు, డిగ్రీ అక్కర్లేదు, సంతకం రాకపోయినా పర్లేదు. కానీ చాలా ఊళ్లలో ఆ కమిటీ మీటింగ్ రిజిస్టర్‌లోనే జరుగుతుంది. మనవాళ్ల వేలిముద్ర ఇంటికొచ్చి తీసుకుపోతారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక్క పని చేయండి. మీ బడి కమిటీలో మన వాడ నుంచి ఎవరున్నారో కనుక్కోండి. ఉన్నవాళ్లను కూర్చోబెట్టి సెక్షన్ 21 తెలుగులో చదివి వినిపించండి. తర్వాతి మీటింగ్‌కు వాళ్లతో పాటు బడి గేటు దాకా వెళ్లండి. లోపల మాట్లాడాల్సింది వాళ్లే.

జై భీమ్.